కొత్త చిప్పు వస్తోంది, ఆగన్నా!

మస్కట్‌లో మనవాళ్ళెవరికి కంప్యూటరు కొనాలనిపించినా, ముందు నాలాంటి సాఫ్టువేరు వాడిని అడగడం ఆనవాయితీ. జ్వరమొస్తే తెలిసిన డాక్టరుకి ఫోను చేసినట్టన్నమాట. 2005 నవంబరులో అలాగే ఒకాయన వచ్చాడు. సిరిసిల్ల వైపు మనిషి, ఏసీలు బాగుచేసే పని. పేరెందుకులెండి. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. కొడుక్కి ఇంజినీరింగులో సీటొచ్చింది. డిసెంబరులో సెలవు మీద ఊరికి పోతున్నాడు.

"రువీల ఒక లాప్‌టాప్ చూసిన తమ్మీ. పైసలు గూడ జమచేసిన. తీసుకపోదునా?"

నేనేమాత్రం తడుముకోకుండా, "ఆగన్నా. జనవరిలో రెండు కోర్ల ప్రాసెసరు వస్తోంది. ఇప్పుడు కొంటే నెల తిరిగేసరికి పాతదైపోతుంది" అన్నాను.

నేను చెప్పింది అబద్ధం కాదు. 2006 జనవరిలో ఇంటెల్ వాళ్ళ కోర్ డుయో వచ్చింది కూడా. అయినా అది చెడ్డ సలహా. ఎందుకు చెడ్డదో నాకు తెలిసేసరికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఈ "వచ్చేదాని కోసం ఆగడం" అన్న జబ్బుకి కంప్యూటరు లోకంలో ఒక పేరుంది. ఆస్‌బోర్న్ ఎఫెక్ట్ అంటారు. ఆ పేరు గల ఆడమ్ ఆస్‌బోర్న్ మనకి మరీ పరాయివాడేం కాదు. 1939లో బ్యాంకాక్‌లో పుట్టినా పెరిగింది తిరువణ్ణామలైలో. వాళ్ళ నాన్న ఆర్థర్ ఆస్‌బోర్న్ రమణ మహర్షి జీవిత చరిత్ర రాసినాయన. యుద్ధకాలంలో తండ్రి సయాంలో జపానువాళ్ళ నిర్బంధంలో ఉంటే, తల్లి పిల్లల్ని పెట్టుకుని అరుణాచలం కొండ దగ్గర ఆయన కోసం ఎదురుచూసింది. మన సూరి నాగమ్మ గారు ఆశ్రమం నుంచి తెలుగులో లేఖలు రాసిందీ ఆ 1940లలోనే.

ఆ పిల్లవాడు పెద్దయి అమెరికా వెళ్ళి, 1981 ఏప్రిల్లో ఆస్‌బోర్న్ 1 అనే కంప్యూటరు తెచ్చాడు. చేత్తో మోసుకుపోయే కంప్యూటర్లలో వ్యాపారపరంగా బాగా అమ్ముడైన మొదటిది అదే. బరువు దాదాపు 11 కిలోలు, తెర 5 అంగుళాలు, ధర 1795 డాలర్లు. సాఫ్టువేరంతా అందులోనే కలిపి ఇచ్చేవారు. జనం ఎగబడి కొన్నారు. 1983లో ఇంతకంటే మంచి మోడల్ రాబోతోందని బయటికి చెప్పాడు. సరుకు ఇంకా చేతికి రాలేదు, మాట మాత్రం ఊరంతా పాకింది. "అయితే కొత్తదే కొందాం" అని జనం ఆగిపోయారు, దుకాణాల వాళ్ళు ఆర్డర్లు ఆపేశారు. అదే ఏడాది సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది.

ఒక్క మాటకే కంపెనీ మునిగిందంటే ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు. అప్పటికే కేప్రో వాళ్ళు 9 అంగుళాల తెరతో పోటీకొచ్చారు, ఐబీఎం పీసీకి సరిపోయే కాంపాక్ పోర్టబుల్ కూడా దిగింది. అదీ నిజమే. పేరు మాత్రం ఆస్‌బోర్న్‌కే అంటుకుపోయింది. ఆయన చివరికి ఇండియా తిరిగొచ్చి, 2003 మార్చిలో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు.

అది అమ్మేవాడి కథ. కొనేవాడి కథ ఇంకోటుంది.

కొనేవాడు ఆగడానికి కారణం గోర్డన్ మూర్ గారి లెక్క. చిప్పులో పట్టే ట్రాన్సిస్టర్లు ఏటా రెట్టింపవుతాయని 1965లో అన్నాడు. 1975లో సవరించి, రెండేళ్ళకోసారి అన్నాడు. ట్రాన్సిస్టరు చిన్నదైనకొద్దీ వేగం పెరిగి, దానికి కావలసిన వోల్టేజీ తగ్గేది. కాబట్టి వేడి పెరక్కుండానే వేగం పెరిగేది. 1993లో మొదటి పెంటియం 60, 66 మెగాహెర్ట్జ్‌లతో వస్తే, 2002 చివరికి పెంటియం 4 మూడు గిగాహెర్ట్జ్‌లు దాటింది. అలాంటప్పుడు ఆగినవాడే తెలివైనవాడు అనిపించడంలో వింతేముంది?

తీరా 90 నానోమీటర్ల దగ్గరికొచ్చేసరికి బండి మొరాయించింది. ట్రాన్సిస్టర్లు మరీ చిన్నవై కరెంటు కారిపోవడం మొదలైంది. వోల్టేజీ ఇక తగ్గలేదు, వేడి మాత్రం పెరిగింది. పెంటియం 4 తరవాత రావలసిన చిప్పుకి ఇంటెల్ పెట్టుకున్న గుట్టు పేరేమిటో తెలుసా? తేజస్! అచ్చంగా మన తేజస్సే. 2004 మేలో దాన్ని రద్దు చేశారు. ఆ అక్టోబరులో 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ని కూడా మానుకున్నారు. కంపెనీ పెద్ద క్రెయిగ్ బ్యారెట్ ఒక సభలో వేదిక మీద సరదాగా మోకాలి మీద కూర్చుని మరీ క్షమాపణ అడిగాడు. తేజస్ కోసం ఆగినవాళ్ళకి దక్కింది ఆ క్షమాపణే.

ఇది ఒక్కసారి జరిగి ఊరుకోలేదు. మొదట 2016కి అనుకున్న ఇంటెల్ 10 నానోమీటర్ల చిప్పులు లాప్‌టాపుల్లోకి పెద్దయెత్తున వచ్చేసరికి 2019 అయింది.

అలాగని ఆగడం ఎప్పుడూ తెలివితక్కువ పనేం కాదు. 2006 జనవరిలో వచ్చిన కోర్ డుయో 32 బిట్లది. ఆ జూలైలో వచ్చిన కోర్ 2 డుయో 64 బిట్లది. ఆరునెలలే తేడా. 2011లో ఆపిల్ వాళ్ళ లయన్ వచ్చినప్పుడు కోర్ డుయో మ్యాకులు గుమ్మం బయటే ఉండిపోయాయి, కోర్ 2 డుయోవి లోపలికెళ్ళాయి. 2020 నవంబరులో ఎం1 మ్యాకులు వచ్చినప్పుడూ అంతే, కొన్నాళ్ళు ఆగినవాళ్ళు బాగుపడ్డారు. మరి ఎప్పుడు ఆగాలి, ఎప్పుడు ఆగకూడదు?

దీన్ని నిజంగానే లెక్కగట్టినవాళ్ళున్నారు. 1999లో అరిజోనా యూనివర్సిటీ వాళ్ళు కొందరు సగం సరదాగా ఒక పేపరు రాశారు. 18 నెలలకోసారి వేగం రెట్టింపవుతుందనుకుందాం. ఇవాళ్టి కంప్యూటరు మీద ఐదేళ్ళు పట్టే లెక్క ఒకటి మీ దగ్గరుంది. ఏడాదిన్నర హాయిగా తిరిగొచ్చి, అప్పుడు కొత్త కంప్యూటరు కొని మొదలెడితే రెండున్నరేళ్ళలో అయిపోతుంది. మొత్తం నాలుగేళ్ళు. అంటే ఇవాళే మొదలుపెట్టినవాడికంటే ఏడాది ముందు! అదే ఒక్క ఏడాది పట్టే పనైతే ఆగినవాడు ఓడిపోతాడు. గీత ఎక్కడంటే, 26 నెలల దగ్గర. అంతకన్నా పెద్ద పనికే ఆగడం లాభం.

ఈ పేపరు మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాను. తరవాత సిరిసిల్ల అన్న గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది. ఇంజినీరింగు నాలుగేళ్ళు, 26 నెలలకంటే ఎక్కువే కదా, లెక్క ప్రకారం నా సలహా ఒప్పే కదా? కాదు. ఆ లెక్క యంత్రం ఒంటరిగా చేసే పనికి. పిల్లవాడు సీ ప్రోగ్రాము నేర్చుకోవడం ప్రాసెసరు వేగం మీద ఆధారపడదు. రెండు కోర్లున్నంత మాత్రాన పాయింటర్లు సగం టైములో బుర్రకెక్కవు. మనిషి పనికి ఆగిన రోజు పోయిన రోజే.

నేను అసలే మరిచిపోయింది ఇంకొకటుంది. ఆయన టికెట్టు. ఆ అన్నకి కంపెనీ రెండేళ్ళకోసారి సెలవిచ్చి టికెట్టిచ్చేది. గల్ఫులో చాలామందికి అంతే. మూర్ గారి లెక్కా రెండేళ్ళే, మావాళ్ళ టికెట్టూ రెండేళ్ళే. నేను "నెలరోజులు ఆగు" అన్నాననుకున్నాను. ఆయనకది "రెండేళ్ళు ఆగు" అయింది. డిసెంబరులో ఉత్త చేతుల్తో వెళ్ళొచ్చాడు. 2007 డిసెంబరులో లాప్‌టాప్ పట్టుకెళ్ళేసరికి పిల్లవాడు మూడో ఏట ఉన్నాడు.

ఆగడం గల్ఫువాళ్ళకి ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. రియాలు డాలరుకి కట్టేసి ఉంది, 1986 నుంచి ఒక రియాలుకి 2.6008 డాలర్లు. కదిలేది రూపాయే. 2005లో రియాలుకి సుమారు 115 రూపాయలొచ్చేవి, ఇప్పుడు 220 దాటింది. అందుకే జీతమొచ్చినా "ఇంకో రూపాయి పెరిగితే పంపుదాం" అని ఎక్స్చేంజి బోర్డు చూస్తూ నిలబడేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఒక్కోసారి గెలుస్తారు కూడా. కానీ కాలేజీ ఫీజు గడువు ఎక్స్చేంజి బోర్డు చూసుకుని రాదు.

ఆ పిల్లవాడు కొన్నేళ్ళ తరవాత ఒకసారి ఫోనులో మాట్లాడాడు. మొదటి రెండేళ్ళూ ప్రోగ్రాములు నోటుబుక్కులో రాసుకుని, ఆదివారం నెట్ సెంటరుకెళ్ళి గంట లెక్కన డబ్బిచ్చి కొట్టుకునేవాడట. రెండు సబ్జెక్టులు పోయాయట. ఇప్పుడు మంచి ఉద్యోగంలోనే ఉన్నాడు. "అప్పుడు నాన్న తెస్తనన్నడు అంకుల్, మరి ఎందుకో తేలే" అన్నాడు. ఎందుకో నాకు తెలుసు. ఆ అన్న నా పేరు చెప్పలేదన్నమాట.

ఇప్పటికీ అడుగుతుంటారు, ఇప్పుడు కొనాలా ఆగాలా అని. నేను ప్రాసెసరు సంగతి తరవాత చూద్దాంలే అని, ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. పని ఎప్పుడు మొదలుపెట్టాలి? ఊరికి ఎప్పుడు వెళ్తున్నారు?