కొంగు చివరి కొక్కెం

మగ్గం మీంచి పట్టుచీర కోసి తీసేటప్పుడు కొంగు చివర కొంత పడుగు నేయకుండా మిగిలి ఉంటుంది. ధర్మవరం నేతగాడు ఒకే పడుగు మీద వరసగా చీరలు నేసుకుపోతాడు. ఒక చీర అయ్యాక కాస్త జాగా వదిలి రెండోదానికి పేక తోస్తాడు. కత్తెర పడేది ఆ జాగాలోనే. ఆ పోగుల్ని అలాగే వదిలేస్తే నాలుగు కట్లకే అంచు నుంచి పేక జారడం మొదలవుతుంది. అందుకే కొన్ని పోగులు చేతిలోకి తీసుకుని, మెలిపెట్టి, ముడివేసేవారు. కుచ్చులు పుట్టింది సోకు కోసం కాదు, నేత ఊడిపోకుండా ఉండటానికి.

ఇప్పుడు ధర్మవరం, పెనుకొండ, పుట్టపర్తి దారులు కలిసే కొత్తచెరువు చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళి చీర కొన్నాక మొదట అడిగేది కుచ్చుల గురించే. ఆ కుచ్చుల్లో పడుగు ముడి కంటే క్రోషా పనే ఎక్కువ. కొంగు మడిచి కుట్టి, దానికి వేరే పట్టుదారంతో, పూసలతో అల్లిన అంచు వేలాడదీస్తారు. మగ్గం మనది. ఆ అంచు అల్లే కొక్కెం సూది మాత్రం చాలా దూరం నుంచి వచ్చింది.

అల్లిక అంటే ఊలు, ఊలు అనగానే స్వెట్టరు గుర్తొస్తుంది గానీ ఈ సీమలో ఊలుకు వేరే కథ ఉంది. అనంతపురం పల్లెల్లో గొర్రెలు కాసే కురుబలు ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరించి, వడికి, గుంట మగ్గం మీద కంబళి నేసేవారు. చింతగింజల గంజి పట్టించిన ఆ కంబళి వానకు గొడుగు, రాత్రికి పరుపు. దక్కను గొర్రె ఊలు బిరుసు. అది నేతకు లొంగుతుంది గానీ ఒంటికి అంటుకునే అల్లికకు పనికిరాదు. పైగా ఉగాది నాటికే ఎండ మాడ్చే చోట స్వెట్టరు ఎవరిక్కావాలి?

రెండు సూదులతో అల్లే పద్ధతి బాగా పాతది. ఈజిప్టులో మధ్యయుగాల నాటి నూలు మేజోళ్ళు దొరికాయి. 1589లో విలియం లీ అనే ఆంగ్లేయుడు మేజోళ్ళు అల్లే యంత్రమే కట్టేశాడు. క్రోషా దాని ముందు పసిపిల్ల. ఐరోపా పత్రికల్లో దాని నమూనాలు అచ్చయింది 1820ల్లో. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్ళిపోయి కరువొచ్చినప్పుడు, అక్కడి సన్యాసినుల మఠాలు ఆడవాళ్ళకు ఈ పని నేర్పి నాలుగు డబ్బులు వచ్చేలా చేశాయి. వయసులో చిన్నదైనా క్రోషాకు ఒక మొండితనం ఉంది. మేజోళ్ళు, బనియన్లు అల్లే యంత్రాలు లక్షల్లో ఉన్నా, అసలైన క్రోషా కుట్టు వేయగల యంత్రం బజారులోకి రాలేదు. దుకాణంలో ఎంత చవకగా కనిపించినా, నిజమైన క్రోషా ముక్క వెనక ఎవరిదో ఒకరి చెయ్యి ఉంటుంది.

తెలుగు నేల మీద ఆ సూది పాతుకున్నది గోదావరి డెల్టాలో. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల భార్యలు కొత్తగా మతంలో చేరిన పేద స్త్రీలకు లేసు నేర్పారు. నరసాపురం, పాలకొల్లు చుట్టూ అది ఇంటింటి పనైంది, మతం హద్దు దాటి కాపు కుటుంబాల్లోకీ వచ్చింది, ఓడలెక్కి విదేశాలకు పోయింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ పరిశోధన చేసి 1982లో ఒక పుస్తకం వెలువరించారు. రోజంతా ఇంటి పనుల మధ్య లేసు అల్లే స్త్రీని అందరూ గృహిణి అనే అంటున్నారనీ, ఆమె శ్రమను తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగడుతున్నారనీ, లాభం మాత్రం వ్యాపారులకు చేరుతోందనీ అందులో చూపించారు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది.

తర్వాత బడుల్లో, కుట్టు శిక్షణ కేంద్రాల్లో క్రోషా ఊరూరా పాకింది. రేడియో మీద గుడ్డ, టీవీ మీద గుడ్డ, గుమ్మానికి తోరణం, ఆఖరికి నీళ్ళ బిందె మీద మూతగుడ్డ కూడా క్రోషావే. ఆ గుడ్డల కాలం పోయింది (పోతే పోయిందిలెండి, దుమ్ము దులపలేక చచ్చేవాళ్ళం). సూది మాత్రం చీర కొంగు పట్టుకుని మిగిలింది. హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్టు, ధర్మవరం మగ్గాలు, హద్దు దాటితే బెంగళూరు గిరాకీ: ఈ మూడింటి మధ్య దానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

కొత్తగా నేర్చుకోవాలనుకునేవాళ్ళకు వసంతం మంచి అదను. ఊలు జోలికి పోకండి, చెమటకు వేళ్ళకు అతుక్కుంటుంది. కాస్త లావు నూలుదారం, లేత రంగుది తీసుకోండి. నలుపు మీద కుట్టు కళ్ళకు ఆనదు. రెండు సూదుల అల్లికలో వరస మొత్తం సూది మీదే ఉంటుంది, ఒక్కటి జారితే కిందిదాకా నిచ్చెనలా విడిపోతుంది. క్రోషాలో సూది మీద ఉండేది ఒక్క ఉచ్చే. తప్పు పోతే లాగేసి మళ్ళీ అల్లుకోవచ్చు. మొదట గొలుసు కుట్టు చెయ్యి తిరిగేదాకా వేసి, ఆపైన గ్లాసు కింద పెట్టుకునే చదరపు ముక్క అల్లండి. అది చదరంగా రాక త్రికోణమైతే, వరస మొదట్లోనో చివర్లోనో ఒక కుట్టు వదిలేస్తున్నారన్నమాట. ప్రతి వరసా లెక్కపెట్టుకుంటే సరి. గొలుసు బిగిసిపోయి సూది దూరకపోతే, ఎడమ చూపుడువేలికి చుట్టిన దారం కాస్త వదులు చేయండి.

తర్వాత జాకెట్ ముక్క మీద కుచ్చు. పట్టుదారం పోగులు కొన్ని కలిపి వాడతారు. కొక్కెం అన్ని పోగుల్నీ పట్టాలి, రెండు తప్పినా అవి పక్కకు ఉబ్బి కనిపిస్తాయి. గోరు గరుగ్గా ఉంటే పట్టు రేగుతుంది, ముందే అరగదీసుకోండి. చేతులు మెత్తబడాలని కొబ్బరినూనె రాస్తే చీర మీద మరక ఖాయం. అరంగుళానికొకటి చొప్పున పెన్సిల్‌తో సన్నగా చుక్కలు పెట్టుకుని, సన్న సూదిని పోగు తెగకుండా పోగుల సందులోంచి దింపి, దారం పైకి లాగి గొలుసు వేయాలి. పూస కావాలంటే దాన్ని ముందు సూదికి ఎక్కించి, ఉచ్చును దానిలోంచి లాగితే చాలు. జరీ కొంగు మీద తొందర పనికిరాదు. ఒకసారి పడిన కన్నం పూడదు.

చీర పన్నా సుమారు 46 అంగుళాలు. అరంగుళానికొకటంటే 90కి పైగా కుచ్చులు. ఒక్కోదానికి అయిదు నిమిషాలు పట్టినా ఏడున్నర గంటల పైమాటే. ఫాల్, పికోతో పాటు చీర ఇచ్చి కుచ్చులకు ధర బేరమాడే ముందు, ఆ ఏడున్నర గంటలకు ఎంత కూలి గిట్టుతుందో ఒక్కసారి లెక్కవేసి చూడండి.