ఎంపీ నిధి ఎవరి డబ్బు? సూరత్ నేర్పే పాఠం



మీ ఊళ్లో బస్ షెల్టరు మీదో, బడి ప్రహరీ మీదో, వాటర్ ట్యాంకు మీదో "ఎంపీ నిధులతో నిర్మించినది" అనే రాత మీరు చూసే ఉంటారు. దాని కింద ఒక పేరు, కొంత సొమ్ము, ఒక తేదీ ఉంటాయి. ఆ రాత చూసి చాలామంది "ఇది మా ఎంపీ గారు కట్టించారు" అంటారు. ఈ మాట ఎంతవరకు నిజం? ఆ డబ్బు ఎంపీ గారిదేనా? ఆయన ఎవరిని అడిగారు? ఇచ్చింది ఎవరు? ఇచ్చేముందు పరిశీలించింది ఎవరు? ఈ పాఠంలో వీటికి జవాబులు వెతుకుదాం.

ఇందుకోసం గుజరాత్‌లోని సూరత్ నగరాన్ని ఉదాహరణగా తీసుకుందాం. తపతి నది ఒడ్డున ఉన్న ఈ నగరంలో 1852లోనే పురపాలక సంఘం ఏర్పడింది. మనకు ఈ ఊరితో మరో సంబంధం కూడా ఉంది. చేనేత దెబ్బతిన్నాక కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి వేలాది నేత కుటుంబాలు ఇక్కడి మరమగ్గాల మీద పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ బడులు నడుపుతూ వచ్చింది. కాబట్టి ఇది దూరపు ఊరి కథ అనుకోకండి.

నిధి లేని రోజులు

1957 ఎన్నికల్లో సూరత్ నుంచి లోక్‌సభకు మొరార్జీ దేశాయ్ ఎన్నికయ్యారు. 1980 వరకు ఆయనే అక్కడి సభ్యుడు. ఈ మధ్యకాలంలో ఆయన ఆర్థిక మంత్రిగా కేంద్ర బడ్జెట్‌ను పదిసార్లు ప్రవేశపెట్టారు. 1977లో ప్రధానమంత్రి కూడా అయ్యారు. దేశ ఖజానా తాళాలు చేతిలో ఉన్న మనిషి ఆయన. అయినా సూరత్‌లోని ఒక బడికి ఫలానా గది కట్టండని ఎంపీ హోదాలో సిఫారసు చేయడానికి ఆయనకు ప్రత్యేకంగా ఒక్క రూపాయి కేటాయింపు కూడా లేదు. అప్పట్లో ఏ ఎంపీకీ లేదు.

ఎందుకు లేదు? మన రాజ్యాంగంలోని ఒక మూలసూత్రాన్ని ఇక్కడ గుర్తు తెచ్చుకోవాలి. ప్రభుత్వానికి వచ్చే పన్నులూ అప్పులూ భారత సంఘటిత నిధిలో చేరతాయి. పార్లమెంటు ఆమోదం లేకుండా అందులోంచి డబ్బు తీయడానికి వీల్లేదు. డబ్బు మంజూరు చేసేది శాసనసభ, ఖర్చు చేసేది కార్యనిర్వాహక వర్గం. ఆ ఖర్చుకు లెక్క అడిగేది మళ్లీ శాసనసభే. అడిగేవారు, ఖర్చు పెట్టేవారు వేర్వేరుగా ఉంటేనే లెక్క సరిగ్గా తేలుతుందన్నది దీని వెనుక ఉన్న ఆలోచన.

అందువల్ల ఆ రోజుల్లో ఎంపీ తన ప్రాంతానికి ఏదైనా కావాలంటే సభలో ప్రశ్న వేయాలి, బడ్జెట్ చర్చలో మాట్లాడాలి, మంత్రికి ఉత్తరం రాయాలి. ఆ పైన శాఖ తలచుకోవాలి. అడగందే అమ్మైనా పెట్టదంటారు గదా! అడగడం ఎంపీ వంతు, పెట్టడం పెట్టకపోవడం శాఖ ఇష్టం. పెద్ద ప్రాజెక్టులకు ఈ దారి సరిపోయింది. కానీ ఒక వీధి కుళాయికో, ఒక తరగతి గదికో ఢిల్లీ వరకు వెళ్లి తిరగడం అయ్యే పని కాదు.

1993లో వచ్చిన మార్పు

1993 డిసెంబరు 23న అప్పటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు పార్లమెంటులో ఒక కొత్త పథకం ప్రకటించారు. పేరు పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి పథకం. వాడుకలో ఎంపీల్యాడ్స్ అంటారు. పి.వి. అప్పటి కరీంనగర్ జిల్లాలోని వంగరలో పెరిగినవారు. ఆ సమయంలో నంద్యాల లోక్‌సభ సభ్యులు.

ప్రజలు చిన్న చిన్న పనుల కోసం ఎంపీల దగ్గరకు వస్తున్నారనీ, వాటిని చేయించే మార్గం ఎంపీలకు ఉండాలనీ ప్రభుత్వం చెప్పిన కారణం. అయితే చరిత్ర చదివేటప్పుడు చెప్పిన కారణంతో పాటు ఆనాటి పరిస్థితినీ చూడాలి. అది మెజారిటీ లేని ప్రభుత్వంగా మొదలైంది. ఆ ఏడాది జూలైలోనే అవిశ్వాస తీర్మానాన్ని 265-251 ఓట్ల తేడాతో అతి కష్టం మీద గట్టెక్కింది. అందుకే ఈ పథకాన్ని సభ్యులను మంచి చేసుకునే ప్రయత్నంగా చూసినవారూ ఉన్నారు. రెండు కోణాలనూ మీరు గుర్తుంచుకోవాలి.

మొదటి ఏడాది ఒక్కో సభ్యుడికి కేటాయించింది 5 లక్షల రూపాయలు. 1994-95 నుంచి కోటి, 1998-99 నుంచి 2 కోట్లు, 2011-12 నుంచి 5 కోట్లు అయింది. పథకం మొదలైనప్పుడు సూరత్ ఎంపీ కాశీరామ్ రాణా. 1989 నుంచి 2009 వరకు ఆయనే కొనసాగారు. అంటే మొరార్జీకి లేని వెసులుబాటు రాణాకు పదవీకాలం మధ్యలో దక్కింది.

ప్లేగు నేర్పిన సంగతి

సభ్యుడికి కోటి రూపాయలు మొదలైన 1994-95లోనే సూరత్‌కు పెద్ద ఆపద వచ్చింది. వరదలు తగ్గిన తర్వాత 1994 సెప్టెంబరులో నగరంలో ఊపిరితిత్తుల ప్లేగు వ్యాపించింది. దాదాపు 50 మంది చనిపోయారు. భయంతో లక్షలాది మంది, ముఖ్యంగా వలస కూలీలు, దొరికిన రైలెక్కి ఊరు విడిచారు. మురుగు, చెత్త పేరుకుపోయిన నగరంగా సూరత్ పేరు ప్రపంచమంతా మోగింది.

ఆ నగరాన్ని బాగుచేసింది ఏమిటి? 1995 మేలో సూర్యదేవర రామచంద్రరావు నగరపాలక కమిషనరుగా వచ్చారు. నగరాన్ని మండలాలుగా విభజించి, ఒక్కో మండలానికి అధికారాలున్న అధికారిని పెట్టారు. అధికారులు రోజూ కొన్ని గంటలు వీధుల్లోనే ఉండాలన్నారు. చెత్త తీశారా లేదా అన్నది ప్రతి రోజూ లెక్క చూశారు. రెండేళ్లు తిరిగేసరికి దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా సూరత్ పేరు తెచ్చుకుంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఎంపీ నిధితో మురుగు కాలువ కట్టవచ్చు. కానీ దాన్ని రోజూ శుభ్రం చేసే మనిషికి జీతం ఇవ్వడం కుదరదు. ఎందుకంటే ఈ పథకం కింద చాలాకాలం మన్నే నిర్మాణాలు చేపట్టాలి. ఏటా మళ్లీ మళ్లీ వచ్చే ఖర్చులకు అది వర్తించదు. బడికి గది ఇవ్వవచ్చు, పంతులును ఇవ్వలేరు. కాబట్టి ఎంపీ నిధి స్థానిక సంస్థకు తోడు మాత్రమే, దాని స్థానాన్ని అది తీసుకోలేదు.

ఒక విన్నపం ఎలా ప్రయాణిస్తుంది?

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో కొందరు తెలుగు కుటుంబాలవారు తమ పిల్లల బడికి రెండు గదులు కావాలనుకున్నారు. వారు ఎవరిని అడగాలి?

మొదటి చిక్కు ఇక్కడే ఉంది. సూరత్‌లో ఉన్నాం కాబట్టి సూరత్ ఎంపీని అడగాలని అనుకుంటారు. కానీ 2008 నాటి నియోజకవర్గాల పునర్విభజనలో లింబాయత్, ఉధ్నా, మజూరా, చోర్యాసీ ప్రాంతాలు కొత్తగా ఏర్పడిన నవ్‌సారీ లోక్‌సభ నియోజకవర్గంలో చేరాయి. 2009 నుంచి సూరత్‌కు దర్శనా జర్దోష్, నవ్‌సారీకి సి.ఆర్. పాటిల్ ఎన్నికయ్యారు. 2024లో సూరత్ నుంచి ముకేశ్ దలాల్ పోటీ లేకుండా ఎన్నిక కాగా, నవ్‌సారీ నుంచి మళ్లీ పాటిల్ గెలిచారు. కాబట్టి లింబాయత్ వారు వెళ్లాల్సింది నవ్‌సారీ సభ్యుడి దగ్గరకు. గుజరాత్ నుంచి ఎన్నికైన రాజ్యసభ సభ్యులనూ అడగవచ్చు, వారు రాష్ట్రంలో ఎక్కడైనా పనులు సూచించవచ్చు. అంతేకాదు, కొంత పరిమితికి లోబడి వేరే రాష్ట్రపు ఎంపీ కూడా సిఫారసు చేయవచ్చు. అంటే తెలంగాణలోని ఒక ఎంపీ తలచుకుంటే సూరత్ బడికి గది సూచించే వీలుందన్నమాట!

రెండో మెట్టు సిఫారసు. ఎంపీ ఆ పనిని జిల్లా యంత్రాంగానికి, అంటే సాధారణంగా కలెక్టరుకు, రాసి పంపుతారు. మూడో మెట్టు పరిశీలన. స్థలం ఎవరిది, అంచనా ఎంత, పని నిబంధనలకు లోబడి ఉందా అని కలెక్టరు కార్యాలయం చూస్తుంది. గుడి, మసీదు, చర్చి వంటి ప్రార్థనా స్థలాలకు ఈ నిధి ఇవ్వరు. అదే కుటుంబాలు మార్కండేయ మహర్షికి గుడి కావాలని అడిగితే సమాధానం కాదనే వస్తుంది. ప్రైవేటు వ్యాపారాలకు, భూమి కొనుగోలుకు కూడా ఇవ్వరు. సిఫారసును తిరస్కరిస్తే 45 రోజుల్లోగా కారణాలతో ఎంపీకి తెలపాలి.

నాలుగో మెట్టు నిర్మాణం. దాన్ని ఎంపీ చేయించరు. నగరపాలక సంస్థో, మరో ప్రభుత్వ సంస్థో చేస్తుంది. డబ్బు ఎంపీ ఖాతాలోకి ఏనాడూ రాదు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త మార్గదర్శకాల కింద సిఫారసు, మంజూరు, చెల్లింపు అన్నీ ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. ఏటా కేటాయింపులో కనీసం 15 శాతం ఎస్సీలు నివసించే ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీలు నివసించే ప్రాంతాలకు సూచించాలన్న నియమమూ ఉంది.

ఒక చిన్న లెక్క చేయండి. నియోజకవర్గంలో 20 లక్షల మంది ఉన్నారనుకుందాం. 5 కోట్లను పంచితే తలకు ఏడాదికి 25 రూపాయలు. ఇంత కొద్ది సొమ్ములో ఏ వీధిని ఎంచుకోవాలి, ఏ వీధిని వదలాలి? అసలు వివాదం ఈ ఎంపిక దగ్గరే మొదలవుతుంది.

వాదాలు, తీర్పు

ఎంపీ తనకు ఓటు వేసిన వాడకే పనులు ఇస్తే? తర్వాతి ఎన్నికల్లో పోటీదారుకు లేని ప్రచారం ఆయనకు దక్కితే? అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు ప్రజల సొమ్ముకు ఎంపీ దాత అయిపోతే? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జాతీయ కమిషన్ 2002లోనూ, రెండవ పరిపాలనా సంస్కరణల కమిషన్ 2007లోనూ ఈ పథకాన్ని ఆపేయమని సూచించాయి. నిధులు ఖర్చుకాక మిగిలిపోవడం, లెక్కలు సరిగ్గా లేకపోవడం వంటి లోపాలను కాగ్ నివేదికలు పలుమార్లు ఎత్తిచూపాయి. 2005 డిసెంబరులో ఒక వార్తా చానెల్ రహస్య చిత్రీకరణలో కొందరు సభ్యులు పనుల సిఫారసుకు డబ్బు బేరమాడుతూ కనిపించారు. పార్లమెంటు విచారణ జరిపింది. 2006లో ఒక రాజ్యసభ సభ్యుడు సభ్యత్వం కోల్పోయారు.

వ్యవహారం సుప్రీంకోర్టుకు కూడా వెళ్లింది. భీమ్‌సింగ్ కేసులో 2010 మే 6న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం పథకం చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఎంపీ సిఫారసు మాత్రమే చేస్తారు, అమలు చేసేది అధికారులే, కాబట్టి అధికార విభజనకు భంగం లేదన్నది న్యాయస్థానం మాట. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ కారణంగా కేంద్రం ఈ నిధులను నిలిపివేసింది, 2021 నవంబరులో తిరిగి ప్రారంభించింది. కేంద్ర మంత్రివర్గం ఒక నిర్ణయంతో ఆపగలిగిందంటే అది ఎంపీల సొంత సొమ్ము కాదని తేలిపోతోంది గదా!

ఇతర దేశాల్లో

ఈ చిక్కు మనకొక్కరికే లేదు. అమెరికాలో సభ్యులు తమ ప్రాంతపు పనులను నేరుగా ఖర్చుల బిల్లులోనే చేర్పించేవారు. విమర్శలు పెరగడంతో 2011లో ఆపేశారు. 2021లో కొత్త నిబంధనలతో మళ్లీ తెచ్చారు. ప్రతినిధుల సభలో సభ్యులు తమ విన్నపాలను అందరికీ కనిపించేలా ప్రచురించాలి, ఆ పనిలో తమకు గానీ తమ కుటుంబానికి గానీ ఆర్థిక ప్రయోజనం లేదని రాసివ్వాలి. అక్కడ విన్నపం చట్టసభ కమిటీకి వెళ్తుంది, మన దగ్గర కలెక్టరుకు వెళ్తుంది. ఈ తేడా గుర్తుంచుకోండి. ఫిలిప్పీన్స్‌లో ఇలాంటి నిధిని అక్కడి సుప్రీంకోర్టు 2013లో రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఒకే ప్రశ్నకు మూడు దేశాలు మూడు జవాబులు చెప్పాయి.

మీరు చేయగల పని

విద్యార్థులారా! మొరార్జీ కాలంలో అడిగే దారి ఒక్కటే, అది ఢిల్లీ దారి. 1993 తర్వాత మరో దారి తెరుచుకుంది. దారి దగ్గరైంది, కానీ చూసే కళ్లు తగ్గితే ప్రమాదమూ దగ్గరవుతుంది. ఆ కళ్లు మీవే కావాలి.

ఈ పథకం కింద పూర్తయిన పని దగ్గర శిలాఫలకం పెట్టాలనీ, దానిమీద పని ఖర్చు, మొదలుపెట్టిన తేదీ, ముగించిన తేదీ, ఎంపీ పేరు ఉండాలనీ నియమం ఉంది. ఈ వారం మీ ఊళ్లో అలాంటి ఫలకం ఒకటి వెతకండి. అందులోని వివరాలు మీ నోటు పుస్తకంలో రాసుకోండి. ఆ గది ఇప్పుడు తెరిచి ఉందా, తాళం వేసి ఉందా చూడండి. మీ తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను అడగండి. తెలియకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, దాని కింద పెద్దల చేత దరఖాస్తు పెట్టించండి. ఆ గోడకు పెట్టిన ప్రతి రూపాయిలో మీ అమ్మానాన్నలు కొన్న సబ్బు మీద కట్టిన పన్ను కూడా కలిసే ఉంటుంది. ఫలకం మీద వారి పేరు ఉండదు. కానీ లెక్క అడిగే హక్కు వారిది, మీది.