నల్లద్దాల వెనక కథ

ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురం వచ్చే రైల్లో ఏదో ఒక పెట్టెలో నల్లద్దాలు పెట్టుకున్న పెద్దాయనో, పెద్దామో కనబడుతుంటారు. ఫ్యాషన్ కోసం కాదని అందరికీ తెలుసు. "కంటి ఆపరేషన్ అయింది" అని ఆ అద్దాలే చెప్పేస్తాయి. శుక్లాల ఆపరేషన్‌కీ నల్లద్దాలకీ ఈ ముడి ఎలా పడింది, ఇప్పటికీ అవసరమా అని నాకు ఎప్పట్నుంచో సందేహం. తెలుసుకున్నది రాస్తున్నా.

పొర వచ్చిన లెన్సును సూదితో పక్కకు నెట్టే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది. 1747లో ఫ్రాన్సులో జాక్ దవియేల్ లెన్సును ఏకంగా బయటికే తీశాడు. రెండిట్లోనూ పాత లెన్సు పోతుంది, దాని బదులు ఏమీ రాదు. మన శిబిరాల్లో 1980ల దాకా ఎక్కువగా జరిగింది ఇదే. కర్ణాటకకు చెందిన డాక్టర్ ఎం.సి. మోదీ (1916-2005) ఊరూరా తిరిగి లక్షల ఆపరేషన్లు చేసిన కాలం అది. తర్వాత సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. వాటిలో వస్తువు దాదాపు పావు వంతు పెద్దగా కనబడుతుంది. ఎదురుగా ఉన్న మెట్టు ఎక్కడుందో అందాజు తప్పుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. కంటి లెన్సు ఫోకస్ చేయడంతో ఆగదు, ఫిల్టర్ పని కూడా చేస్తుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో చాలా భాగాన్ని అదే ఆపుతుంది. లెన్సు తీసేస్తే అవి నేరుగా రెటీనా మీద పడతాయి. చిత్రకారుడు క్లాద్ మోనే 1923లో ఆపరేషన్ తర్వాత అన్నీ నీలంగా కనబడుతున్నాయని గోల పెట్టి, రంగు అద్దాలు వాడాడు. అంటే ఆ రోజుల్లో రంగు అద్దానికి గట్టి కారణమే ఉంది.

1949 నవంబర్ 29న లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ కంటి లోపలే ప్లాస్టిక్ లెన్సు పెట్టాడు. యుద్ధ విమానాల అద్దం ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకున్నా కన్ను వాటిని భరించడం చూసి వచ్చిన ఆలోచన అది. 1980ల నుంచి ఈ లెన్సుల్లో అతినీలలోహిత కిరణాలను ఆపే పదార్థం కూడా కలుపుతున్నారు. 1992లో మదురైలో ఆరోల్యాబ్ మొదలై వీటిని చవగ్గా చేసింది. 1994-2002 మధ్య ప్రపంచబ్యాంకు సాయంతో ఏడు రాష్ట్రాల్లో నడిచిన శుక్లాల పథకంలో మన రాష్ట్రమూ ఉంది.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బగ్ పోయింది, దాని కోసం వేసిన ప్యాచ్ మాత్రం మిగిలిపోయింది. ఆపరేషన్ అయిన కొత్తలో, ఎండలో, కళ్ళు జిగేలుమనకుండా నల్లద్దాలు హాయిగానే ఉంటాయి. అంతవరకు సరే. కానీ మా అవ్వ ఎనిమిది నెలలు దాటినా పొద్దుగూకాక కూడా తీసేది కాదు. "పెట్టుకోమని సెప్పినారు కదప్పా" అనేది. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు.

ఇక్కడే కాంట్రాస్ట్ సంగతి వస్తుంది. ఆసుపత్రి గోడ మీది అక్షరాల చార్టుకు మూలం 1862 నాటి స్నెల్లెన్ చార్టు. తెల్లటి దాని మీద నల్లటి అక్షరాలు. బతుకు అలా ఉండదు కదా! ధర్మవరం మగ్గం మీద ముదురు మెరూన్ పట్టులో నల్ల పోగు తెగితే పట్టుకోవాలి. చీకట్లో బూడిద రంగు గడప దాటాలి. అక్షరం సైజు మార్చకుండా రంగు మాత్రం వెలిసిపోతూ పోయే పెల్లీ-రాబ్సన్ చార్టు 1988లో వచ్చింది. అది కొలిచేది ఈ చూపునే. వెలుతురు తగ్గేకొద్దీ ఈ చూపూ తగ్గుతుంది. మసక వెలుతురులో నల్లద్దం పెట్టుకోవడమంటే ఉన్న కాస్తా తగ్గించుకోవడమే.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకోటుంది. నెలల తర్వాత మళ్ళీ మసకగా ఉంటే, వెలుతురు చెదిరినట్టుంటే, చాలామంది "పొర మళ్ళీ వచ్చింది, ఇంతే" అనుకుని నల్లద్దాలతో సరిపెట్టుకుంటారు. చాలాసార్లు అది కొత్త లెన్సు వెనకుండే సంచి మసకబారడం. యాగ్ లేజర్‌తో కొన్ని నిమిషాల్లో తేలిపోయే పని, కోత లేదు.

కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళకి ఆపరేషన్ అయితే డాక్టర్ని రెండు ప్రశ్నలడగండి: నల్లద్దాలు ఎన్ని రోజులు? ఏ వెలుతురులో? అప్పటికీ తీయలేకపోతుంటే మళ్ళీ కన్ను చూపించండి. కొత్త అద్దాలు కొనకండి.