ఆఫ్రికా కళాకారులు – పేరు, ఊరు, జ్ఞాపకము

ఒక జాతి చరిత్ర రెండు తావులలో దాగియుండును. ఒకటి దొరతనమువారి దస్తరములలో. మరియొకటి ఇంటి పెద్దల నోట. మొదటిదానికి చెదలు శత్రువు. రెండవదానికి మృత్యువు శత్రువు. ఈ రెండు తావులను వెదకి, అందు దొరకినదానిని బొమ్మలుగా, వస్త్రములుగా, నీడలుగా కూర్చి ప్రజల యెదుట నిలుపుచున్నవారు నేటి ఆఫ్రికా కళాకారులు. వారి కృషి మనకు దూరదేశపు వింత కాదు. వారు వెదకుచు పోయిన దారులలో కొన్ని మన కోరమాండల్ తీరపు రేవులకే వచ్చి చేరుచున్నవి. పుదూరు, కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతములలో తరతరములుగా కాపురమున్న తెలుగు కుటుంబములవారు ఈ సంగతిని కొంచెము నిదానించి చూడవలసియున్నది.

కేరళమందలి కొచ్చి నగరమున 2012లో ఒక అంతర్జాతీయ కళాప్రదర్శనము ఆరంభమైనది. దానికి కొచ్చి-ముజిరిస్ బియనాలె అని పేరు. సముద్రపుటొడ్డున ఒకప్పుడు మిరియములు, కొబ్బరినూనె నిలువచేసిన పాత గిడ్డంగులే దాని ప్రదర్శనశాలలు. 2018 డిసెంబరులో ప్రారంభమైన నాలుగవ ప్రదర్శనమునకు కళాకారులను ఎంపికచేసి కూర్చినవారు అనితా దూబే. అందు దక్షిణాఫ్రికానుండి వచ్చిన విలియం కెంట్రిడ్జ్ కృతి యొకటి కలదు. గోడపొడవునను బరువులు మోయుచు, వాద్యములు మ్రోగించుచు నడచిపోవు నీడమనుష్యుల ఊరేగింపు అది. తోలుబొమ్మలాట చూచిన కన్నులకు ఆ నీడలు కొత్తవి కావు.

మన ఆలోచనకు అంతకంటె దగ్గరయైనది స్యూ విలియమ్సన్ అను దక్షిణాఫ్రికా కళాకారిణి కృతి. దాని పేరు 'నూటపందొమ్మిది విక్రయపత్రములు'. అది చిత్రపటమును కాదు, శిల్పమును కాదు. డచ్చి ఈస్టిండియా కంపెనీ కాలమున భారతదేశమునుండి కేప్ టౌనుకు కొనిపోబడి, అచ్చట అమ్ముడుపోయిన 119 మంది వివరములను ఆ నగరపు పాత దస్తరములనుండి ఆమె ఏరి తీసిరి. ఒక్కొక్కరికి ఒక్కొక్క నూలుబట్ట. మన కూలివారు తొడుగుకొను చొక్కాలవంటివి. యజమానులు పెట్టిన పేరు, వయస్సు, పుట్టిన చోటు, అమ్మినవాడు, కొన్నవాడు, వెల – ఇవి నల్లసిరాతో ఆ బట్టలపై వ్రాయబడినవి. పిమ్మట వానిని కేప్ టౌన్ కోటవద్ది బురదనీట ముంచి, దండెములపై వ్రేలాడదీసిరి. దూరమునుండి చూచువానికి అది చాకిరేవువలె నుండును. దగ్గరకు పోయి చదివినవానికి అది మనుష్యుల సంత.

ఈ సంత యెట్లు వెలసినది? డచ్చివారు 1613లో పులికాటున కోట కట్టిరి. 1652లో ఆఫ్రికా దక్షిణాగ్రమున కేప్ వలసను స్థాపించిరి. 1658లో పోర్చుగీసువారినుండి మన తూత్తుకుడిని పట్టుకొనిరి. ఓడలకు దారి ఏర్పడినది. కేప్ తోటలకును ఇండ్లకును పనివారు కావలసివచ్చిరి. కోరమాండల్ తీరమున కరవు వచ్చినప్పుడెల్ల, దండ్లు ఊళ్లపై పడినప్పుడెల్ల, ఆకలిగొన్నవారు తమ్మును తామే అమ్ముకొనిరి. బిడ్డలనమ్ముకొన్న తల్లిదండ్రులును కలరు. బట్టల బేళ్లతో పాటు మనుష్యులు ఓడలకెక్కిరి. కేప్ వలసలో బానిసత్వము చట్టరీత్యా రద్దయినది 1834 డిసెంబరు 1వ తేదీన.

అమ్ముడుపోయినవారి మొదటి నష్టము పేరు. సెప్టెంబరు, ఫిబ్రవరి అని నెలల పేర్లు పెట్టినవారు కొందరు. క్యూపిడో, టైటస్ అని పాత రోము నగరపు పేర్లు పెట్టినవారు కొందరు. దాని వెనుక పుట్టిన సీమను తగిలించెడివారు – వాన్ బెంగాలెన్, వాన్ మలబార్ అని. 1657లో శిక్షపడి బటేవియానుండి కేప్ చేరిన ఒక స్త్రీ 'పలియకట్టాకు చెందిన కాట్రైన్' అని దస్తరములకెక్కినది. పలియకట్టా యనగా మన పులికాటు. కన్నవారు ఉయ్యాలలో వేసి పిలిచిన పేరు ఆ దస్తరములలో లేదు. ఊరు మాత్రము ముడిపడి మిగిలినది.

రెండువందల యేండ్లకు పిమ్మట రెండవ ప్రయాణము. 1860 నవంబరు 16వ తేదీన 'ట్రూరో' అను ఓడ చెన్నపట్టణమునుండి బయలుదేరి దర్బాను రేవు చేరినది. చెరకుతోటలలో పనిచేయుటకు ఒప్పందముపై వచ్చిన కూలీలు అందుండిరి. 1911 వరకు ఇట్లు నాటాలుకు పోయినవారు ఒక లక్షా ఏబదిరెండువేలకు పైబడినవారు; అందు అధికసంఖ్యాకులు చెన్నపట్టణపు రేవునుండి పోయిన తమిళులు, తెలుగువారు. ప్రతివారికి ఒక సంఖ్య. దానికి ఎదురుగా పేరు, తండ్రిపేరు, వయస్సు, కులము, జిల్లా, ఊరు, ఒంటిమీది మచ్చలు. ఇంటిపేరుకు మాత్రము ఆ పట్టికలో గడి లేదు. గౌరవవాచకమైన 'నాయుడు' ఇంగ్లీషు అక్షరములలో 'నైడూ'యై, అనేక కుటుంబములకు అదియే వంశనామమై కూర్చున్నది. అసలు ఇంటిపేరు ముదుసలుల నోటనే నిలిచి, వారితోడనే పోయినది.

అయినను ఆ తెలుగువారు తమ్మును మరువలేదు. 1931లో దక్షిణాఫ్రికా ఆంధ్ర మహాసభను స్థాపించుకొని భజనలు, పండుగలు, అక్షరాభ్యాసము నిలుపుకొనిరి. 1996 నాటి ఆ దేశపు రాజ్యాంగము గౌరవింపవలసిన సమాజభాషలను పేర్కొనుచు, తమిళముతోపాటు తెలుగును పేరుపెట్టి చెప్పినది. 2009లో కేప్ టౌనులోని దక్షిణాఫ్రికా జాతీయ చిత్రశాలకు అధిపతియైన వ్యక్తి పేరు రియాసన్ నైడూ. అంతకు ముందు ఆయన 1950ల నాటి 'డ్రమ్' పత్రికలోని భారతీయుల ఛాయాచిత్రములను సేకరించి ప్రదర్శించి, 2008లో గ్రంథముగా వెలువరించిరి. ఆటగాండ్రు, నర్తకులు, వీధివస్తాదులు, రాజకీయనాయకులు – ఓడపట్టికలో సంఖ్యలైనవారి మనుమలు ఆ పుటలలో నవ్వుచు, పోట్లాడుచు, ఊరేగుచు కనబడుదురు. 2010లో ఆయన ఆ చిత్రశాలలో వందయేండ్ల దక్షిణాఫ్రికా కళను ఒకచోట చేర్చి, తెల్లవారి చిత్రములతో సరిసమానముగా నల్లవారి చిత్రములను గోడలకెక్కించిరి. చిత్రశాల గోడయనునది ఊరి రచ్చబండవంటిది. దానిపై ఎవరికి చోటు, ఎవరికి లేదు అనునదే ఆ ఊరి న్యాయము.

పడమటి ఆఫ్రికాలోని ఘానా దేశమున టమాలే పట్టణమున 1987లో జన్మించిన ఇబ్రహీం మహామా చేసిన పనిని విరుదునగరపు వర్తకులు మిక్కిలి సులభముగా గ్రహింపగలరు. ఆయన కావ్యవస్తువు గోనెసంచి. ఆసియాలో నేసిన గోనెసంచులు ఘానాకు పోయి కోకోగింజలు మోయును. చిరుగుపట్టిన పిమ్మట బొగ్గులు మోయును. అట్టి పాత సంచులను సేకరించి, కూలీలచేత కుట్టించి, పెద్ద భవనములనే ఆయన కప్పుదురు. 2015లో వెనిస్ నగరపు ప్రదర్శనమున పొడవైన దారి గోడలు ఈ గోనెలతో కప్పబడినవి. సంచిపై వర్తకుల గుర్తులుండును, అతుకులుండును, మోసినవారి చెమట ఉండును. పని వెదకుచు ఊరు విడిచిన కూలీల ముంజేతులపై పచ్చబొట్టుగా పొడిపించుకొన్న పేర్లను, ఊళ్లను ఆయన ఛాయాచిత్రములుగా తీసిరి. దారిలో ప్రమాదము వాటిల్లినచో తమవారికి గుర్తు తెలియుటకట! మన అవ్వల చేతుల పచ్చబొట్లు ఎరిగినవారికి ఈ మాట మనస్సును తాకకపోదు.

ఇక మన సంగతి. 16వ శతాబ్దమున విజయనగరపు పక్షమున మధురకు వచ్చిన విశ్వనాథ నాయకుడు, దళవాయి అరియనాథ మొదలియారు తోడ్పాటుతో ఈ సీమను 72 పాళెములుగా ఏర్పరచెనని చరిత్రకారులు చెప్పుదురు. పాళెగాండ్ర చరిత్రకు కుంఫిణీవారి ఉత్తరములు కలవు; 1799 అక్టోబరు 16న కయత్తారులో ఉరికెక్కిన కట్టబొమ్మని కథ ఊరూర పాడబడినది. కాని నాగలి పట్టి, ఎద్దులను తోలుకొని, ఈ నల్లరేగడి నేలకు వచ్చిన సామాన్య కుటుంబమునకు ఏ ఓడపట్టిక కలదు? ఏ విక్రయపత్రము కలదు? మనలను ఎవరును అమ్మలేదు గనుక ఎవరును వ్రాసికొనలేదు. అది మన భాగ్యము. అదియే మన లోటు. వారికి దస్తరము మిగిలి జ్ఞాపకము నశించినది. మనకు జ్ఞాపకము మిగిలినది, దస్తరము లేదు.

ఆ లోటును తీర్చుటకు ఈ నేలపైననే ఒకరు పూనుకొనిరి. కోవిల్పట్టి చెంత ఇడైసేవల్ గ్రామమున 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ గారి ఇంటిమాట తెలుగు; వ్రాత తమిళము. తెలుగునాటినుండి తరలివచ్చి ఈ కరిసల్ కాటిని సాగుచేసికొన్నవారి కథను, ముదుసలి అవ్వలు చెప్పిన తీరుననే 1976లో 'గోపల్ల గ్రామం' అను నవలగా వ్రాసిరి. దాని తరువాతి కథయైన 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. ఈ ప్రాంతపు పలుకులను ఏర్చి నిఘంటువునుగూడ కూర్చిరి. 2021లో ఆయన కీర్తిశేషులైరి. ఆఫ్రికా కళాకారులు నూలుబట్టతోను, గోనెసంచితోను సాధించినదానిని ఆయన అవ్వ చెప్పిన కథతో సాధించిరి.

అయితే ఒక్కరి నవల అందరి ఇండ్లకు దస్తరము కాజాలదు. మన పిల్లలలో అనేకులు తెలుగు మాటలాడుదురు గాని తెలుగక్షరము చదువలేరు. 2006 నాటి తమిళాభ్యసన చట్టము పిమ్మట పాఠశాలలలో మాతృభాషాభ్యాసమునకు చోటు మరింత ఇరుకైనది. తమిళము మనకు అన్నము పెట్టిన భాష; దానిని చక్కగా నేర్చుట మన ధర్మము. కాని ఇంటిమాట ఒక తరమున అక్షరమును కోల్పోయి, మరుతరమున కథను కోల్పోయినచో, నాటాలు పట్టికలోని నైడూలవలె మనకును బిరుదు మాత్రమే మిగులును.

కావున ప్రతి కుటుంబమువారును ఒక పుస్తకమును తెరువవలెను. ఇంటిపేరు, కులదైవము, పెద్దలు బయలుదేరిరని చెప్పు ఊరు, దాటిన నదులు, పెండ్లిలోను చావులోను పలుకు మాటలు, అవ్వ పాడిన పాట – ఇవి అందు వ్రాయవలెను. తెలుగక్షరము రానివారు తమిళాక్షరములలోనే వ్రాయుదురు గాక! లిపి తరువాత నేర్వవచ్చును. పోయిన అవ్వ మరల రాదు. సంఘమువారు ఆ పుస్తకములను ఒకచోట చేర్చి భద్రపరచినచో, మూడువందల యేండ్ల పిమ్మట మన మనుమల పేర్లకొఱకు ఏ కళాకారుడును పరుల దస్తరములను తడవవలసిన పని యుండదు.