చిలుము పట్టిన నాణెములు

వాడరేవు నుండి తీరము వెంబడి దక్షిణముగా సాగినచో మొదట మోటుపల్లియు, ఆవల ఉప్పుమళ్ళ చినగంజామును వచ్చును. శాతవాహన రాజు శ్రీయజ్ఞ శాతకర్ణి ఏలుబడి 27వ యేటి శాసనము చినగంజామున లభించినది. తుఫానుకు చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండగా, తాను సుంకము మాత్రమే గ్రహింతునని కాకతి గణపతిదేవుడు దేశాంతర వర్తకులకు అభయమిచ్చిన శాసనము మోటుపల్లిలో 1244–45 ప్రాంతమున వెలసినది. ఇట్టి తీరమున ఇసుకలో నాణెము తగులుట వింత గాదు; తగిలిన పిదప దానిని ఏమి చేయుదురన్నదే నన్ను కలవరపెట్టుచున్నది.

రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ గల శాతవాహనుల సీసపు నాణెములను చూడుడు. అచ్చు బిళ్ళపై పూర్తిగా పడకపోవుటచే ఒక్కొక్కదానిపై కొన్ని అక్షరములే నిలిచినవి. ఒకదానిలో పేరు మొదలును, వేరొకదానిలో తుదిని చూచి, పెక్కింటిని సరిపోల్చి పండితులు రాజనామమును కూర్చుకొనవలసివచ్చెను. 1908లో నాణెముల పండితుడు రాప్సన్ ప్రకటించిన బ్రిటిష్ మ్యూజియం నాణెముల పట్టిక వెనుక ఇట్టి ఓర్పే యున్నది. అక్షరమొకటి అరిగెనా, నౌక మిగులును గాని దానిని నడిపించిన రాజు మిగులడు.

ఇప్పుడు లోహశోధక యంత్రము చేతబట్టి తీరమున తిరుగువారు, దొరకిన బిళ్ళను ఇత్తడి చెంబువలె చింతపండుతో తోముదురు. రాగినాణెముపై గట్టిగా, నున్నగా కట్టుకొన్న ముదురుపచ్చని చిలుము దానికి కవచము. చెక్కిన గీతలు పలుమారు ఆ పొరలోనే భద్రముగా నుండును. పొడిపొడిగా రాలు లేతపచ్చ మచ్చ మాత్రము రోగము. సముద్రపుటుప్పులోని క్లోరైడు రాగితో కలసి లోపల దాగి, గాలియు తేమయు సోకినప్పుడెల్ల ఆమ్లమును పుట్టించి లోహమును తినివేయును. తోమిననాడు మెరసినను, లోపలి ఉప్పు పోనిదే తేమగాలికి ఆ పొడి మరల పుట్టును. శాస్త్రజ్ఞులు అట్టిదానిని శుద్ధజలమున నానవేసి, నీరు మార్చుచు, క్లోరైడు విడుచుట ఆగువరకు పరీక్షింతురు. పిమ్మట బెంజోట్రయజోల్ అను రసాయనముతో స్థిరపరతురు. ఒక్కొక్కప్పుడు ఇది నెలల పని.

సీసమున కాపాటి చికిత్సయు చెల్లదు. శుద్ధజలమే దానిని కరగించును. పులుపు మరింత హాని చేయును. కట్టెపెట్టెలో దాచినను కొయ్యనుండి వెలువడు ఆమ్లపుటావిరి తగిలి సీసము తెల్లని పొడియగును. మెత్తని లోహమగుటచే గోటిగీత సైతము పడును.

పది రూపాయల విలువకు మించిన నిధి నేలలో దొరకినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి నిధినిక్షేపముల చట్టము విధించుచున్నది. కావున పాఠకులారా, నాణెము దొరకినచో తోమకుడు, గీకకుడు. దొరకిన చోటును, లోతును, తేదీని కాగితముపై వ్రాసి, అంటిన మట్టితోనే దానిని అధికారులకు అప్పగింపుడు.