విగ్నర్ వదిలేసుకున్న మాట

మనసు చూస్తేనే ప్రపంచం ఉన్నట్టని క్వాంటం శాస్త్రం కూడా ఒప్పుకుందన్న మాట ఈమధ్య ప్రవచనాల్లో, యూట్యూబ్‌లో తరచూ వినబడుతోంది. సాక్ష్యానికి ఎక్కువగా పిలిచే పేరు యూజీన్ విగ్నర్. 1963 నోబెల్ విజేత, పైగా పాల్ డిరాక్‌కు బావమరిది. ఆయన దాదాపు ఆ మాట అన్నది నిజమే. తర్వాత ఆయనే దాన్ని వదులుకున్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

కథ బుడాపెస్ట్‌లోని ఒక లూథరన్ బడిలో మొదలవుతుంది. అక్కడ విగ్నర్ కంటే ఒక తరగతి కింద చదివినవాడు జాన్ వాన్ నాయ్‌మన్. 1932లో అచ్చయిన తన పుస్తకంలో నాయ్‌మన్ ఒక చిక్కును తేటగా చూపించాడు. క్వాంటం సమీకరణం ప్రకారం అణువు ఒకేసారి రెండు స్థితులు కలగలిసి ఉండగలదు. కొలిచే పరికరమూ అణువులతో చేసిందే కదా, దానికీ అదే సమీకరణం వర్తించాలి. కంటికీ అంతే, మెదడుకీ అంతే. మరి ఆ కలగలుపు విడిపోయి ఒకే ఫలితం తేలేది ఎక్కడ? గీత ఎక్కడ గీసినా లెక్క మారదని నాయ్‌మన్ తేల్చాడు. 1939లో పారిస్‌లో ఫ్రిట్జ్ లండన్, ఎడ్మండ్ బావర్ ఓ చిన్న పుస్తకం రాసి ఆ గీతను చైతన్యం దగ్గరికి జరిపారు.

1961లో విగ్నర్ ఒక ఊహా ప్రయోగంలో తన స్నేహితుణ్ని రంగంలోకి దించాడు. స్నేహితుడు ల్యాబ్‌లో మెరుపు కోసం కాచుకుని కూర్చున్నాడు. విగ్నర్ బయట ఉన్నాడు. లెక్క ప్రకారం ఆయన అడిగి తెలుసుకునేదాకా లోపలి మనిషి ‘చూశాను’, ‘చూడలేదు’ రెండూ కలిసిన స్థితిలోనే ఉండాలి. ‘నేను అడగకముందు నీకేమనిపించింది?’ అంటే స్నేహితుడేమంటాడు? అప్పటికే చూశాననో, చూడలేదనో అంటాడు. మనిషి అలా రెంటి మధ్య వేలాడుతుంటాడనడం విగ్నర్‌కు మింగుడు పడలేదు. కాబట్టి చైతన్యం ఉన్న జీవి దగ్గర ఆ సమీకరణమే పనిచేయదన్నాడు. తన మనసు తప్ప ఇంకేదీ నిజం కాదనే వాదంలోకి జారిపోకూడదన్నదే ఆయన బెంగ. ఆ బెంగను పక్కనబెట్టి ఆయన్నే ఆ వాదానికి సాక్షిగా నిలబెట్టడం నాకు అన్యాయంగా తోస్తుంది.

1970లో హైడెల్‌బర్గ్ శాస్త్రవేత్త డీటర్ జే వేరే దారి చూపాడు. పెద్ద వస్తువేదీ ఒంటరిగా ఉండదు. గాలి అణువులు, వెలుతురు దాన్ని తాకుతూనే ఉంటాయి, కలగలుపు ఆ పరిసరాల్లోకి చెదిరిపోతుంది. దీనికే డీకోహెరెన్స్ అని పేరు. సొంతచోట పెద్దలు పెదవి విరిచిన ఆ ఆలోచనను వెన్నుతట్టినవాడు విగ్నరే. 1970ల చివరికల్లా చైతన్యం వాదాన్ని ఆయన పక్కనబెట్టాడు. నక్షత్రాలకు దూరంగా శూన్యంలో 1 సెంటీమీటరు టంగ్‌స్టన్ ఘనాన్ని ఉంచినా విశ్వమంతా నిండిన వికిరణం దాన్ని వదలదని తర్వాత ఆయనే ఉదాహరణ ఇచ్చాడు. ల్యాబ్‌లో కూర్చున్న మనిషి సంగతి వేరే చెప్పాలా!

అలాగని చిక్కంతా వీడిపోలేదు. కలగలుపు మనకెందుకు కనబడదో డీకోహెరెన్స్ చెబుతుంది. ఉన్న ఫలితాల్లో ఇదే ఎందుకు తేలిందో చెప్పదు.

2019లో ఎడిన్‌బరోలో ఈ స్నేహితుడి కథను 6 ఫోటాన్లతో పరీక్షించారు. అందులో స్నేహితుడి వేషం వేసిందీ ఫోటానే. దాన్ని ‘చూసేవాడు’ అనొచ్చా అని వెంటనే తగువు లేచింది. ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ యూనివర్సిటీ బృందమైతే, ఎప్పటికైనా క్వాంటం కంప్యూటర్‌లో నడిచే కృత్రిమ మేధను ఆ స్థానంలో కూర్చోబెట్టవచ్చంటోంది. అంతటి కంప్యూటర్ ఇంకా ఎవరిదగ్గరా లేదు.