కలరా గదిలో మొదలైన పుస్తకం

1840ల నాటి లీడ్స్. మిల్లుల పొగతో నల్లబడిన ఆ ఇంగ్లండ్ ఊళ్లో, పగలంతా ఒళ్లు హూనమయ్యేలా పనిచేసే ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు చలికాలం సాయంత్రాల్లో ఒకచోట చేరి చదువుకుందామనుకున్నారు. పంతులుకు జీతం ఇచ్చుకునే స్తోమత లేదు. అందుకని నాలుగు ముక్కలు వచ్చినవాడు రెండు ముక్కలే వచ్చినవాడికి చెప్పాలని ఒప్పందం చేసుకున్నారు. మొదట ఒకరి ఇంట్లో కూర్చున్నారు. ఎండాకాలానికి మంది పెరిగి, పెరట్లోని చిన్న చెక్క పాక చుట్టూ చేరారు. వాన పడితే పలకల మీది లెక్కలు చెరిగిపోయేవి, అందరూ తలో దిక్కూ పరుగెత్తేవాళ్లు. మళ్లీ చలికాలం వచ్చేసరికి పెద్ద గది కావలసివచ్చింది. దొరికిందల్లా కలరా రోగుల కోసం తాత్కాలిక ఆసుపత్రిగా వాడిన ఒక మురికి హాలు. ఆ భయానికి దాన్ని ఎవరూ అద్దెకు తీసుకోవడం లేదు. వీళ్లు తీసుకున్నారు. వారానికి ఇంత అని అద్దె ఇచ్చి, దీపాలు పెట్టి, బెంచీలు వేసుకున్నారు.

అలా వందమంది దాకా అయ్యారు. చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకుంటూ కొందరు రసాయన శాస్త్రం వరకూ వెళ్లారు. 1845లో వాళ్లలో కొందరు ఊళ్లో పేరున్న ఒక డాక్టరుగారిని కలిసి, తమవాళ్లతో ఒకసారి మాట్లాడమని అడిగారు. ఆయన పేరు శామ్యూల్ స్మైల్స్. ఆ సాయంత్రాల్లో ఆయన చెప్పిన మాటలే పద్నాలుగేళ్ల తర్వాత 'సెల్ఫ్ హెల్ప్' అనే పుస్తకమయ్యాయి. ఈనాడు మన విజయవాడ, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనల్లో వ్యక్తిత్వ వికాసం పేరిట అమ్ముడయ్యే పుస్తకాలన్నిటికీ పెద్ద తాత అదే. ఆ తాత పుట్టిల్లు మాత్రం చాలామందికి గుర్తులేదు. ఎవరి కాళ్ల మీద వాళ్లు నిలబడాలని చెప్పిన ఆ పుస్తకం, పదిమంది కలిసి ఒకరికొకరు చదువు చెప్పుకున్న గదిలోంచి వచ్చింది.

కలరా స్మైల్స్‌కు కొత్త కాదు. 1812లో స్కాట్లండ్‌లోని హాడింగ్టన్‌లో, పదకొండు మంది పిల్లలున్న ఇంట్లో పుట్టాడు. ఎడిన్‌బరోలో వైద్యం చదువుతుండగా 1832లో తండ్రిని కలరా తీసుకుపోయింది. తల్లి చిన్న దుకాణం నడుపుతూ ఇల్లు నెట్టుకొచ్చింది, కొడుకు చదువు ఆగనివ్వలేదు. డాక్టరై సొంత ఊళ్లో ప్రాక్టీసు పెట్టాడు గానీ అది సరిగా సాగలేదు. 1838లో లీడ్స్ వచ్చి 'లీడ్స్ టైమ్స్' పత్రికకు సంపాదకుడయ్యాడు. కార్మికులకు ఓటుహక్కు కావాలని వాదించాడు, 1840లో అక్కడి పార్లమెంటరీ సంస్కరణ సంఘానికి కార్యదర్శిగా పనిచేశాడు. కష్టపడితే అన్నీ అవే వస్తాయని కుర్చీలో కూర్చుని బోధించిన మనిషిగా ఆయన్ని ఊహించుకుంటాం. ఆ ఊహ తప్పని ఈ లీడ్స్ రోజులే చెబుతాయి.

1845 నుంచి రైల్వే కంపెనీల్లో ఉద్యోగం. పగలు కార్యదర్శి పని, రాత్రిళ్లు రాత. 1857లో రైలింజన్ల మేస్త్రి జార్జ్ స్టీఫెన్‌సన్ జీవితచరిత్ర రాస్తే మంచి పేరొచ్చింది. అంతకుముందే 1855లో 'సెల్ఫ్ హెల్ప్' రాతప్రతిని రౌట్‌లెడ్జ్ ప్రచురణ సంస్థ వెనక్కి పంపేసింది. చివరికి 1859 నవంబరులో, ఖర్చు భారం రచయితే మోసే ఒప్పందం మీద, జాన్ ముర్రే అచ్చేశాడు. అదే నెలలో అదే ముర్రే డార్విన్ 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్'ను కూడా బయటికి తెచ్చాడు. స్మైల్స్ పుస్తకం మొదటి ఏడాదిలోనే 20,000 ప్రతులు పోయింది. ఆయన కన్నుమూసేనాటికి ఆ లెక్క రెండున్నర లక్షలకు చేరింది.

ఆ పుస్తకంలో సూత్రాల కంటే మనుషులు ఎక్కువ. వాళ్లలో నాకు బాగా నచ్చేది ఫ్రాన్సు కుమ్మరి బెర్నార్ పాలిస్సీ. తెల్లగా మెరిసే పూత రహస్యం కోసం ఏళ్ల తరబడి ఆవం దగ్గరే కూర్చున్నాడు. కట్టెలు అయిపోయాయి. తోట కంచె పీకి మంటలో వేశాడు. చాలకపోతే ఇంట్లోని బల్లలు, అరలు విరిచి వేశాడు. భార్యాపిల్లలు వీధిలోకి పరుగెత్తి, ఇతనికి పిచ్చిపట్టిందని కేకలు పెట్టారు. స్మైల్స్ ఆ ఇల్లాలి గోడును కూడా దాచలేదు. చరిత్రకారుడు థామస్ కార్లైల్ 'ఫ్రెంచి విప్లవం' మొదటి సంపుటం రాతప్రతిని పనిమనిషి చిత్తుకాగితాలనుకుని పొయ్యిలో వేస్తే, ఆయన మళ్లీ మొదటినుంచీ రాసిన సంగతీ ఇందులో ఉంది.

పుస్తకం సముద్రాలు దాటింది. నకమురా మసనావో చేసిన జపనీస్ అనువాదం 1871 నాటికి వెలువడి, మెయిజీ చక్రవర్తి కాలంలో అక్కడి బడుల్లో పాఠ్యపుస్తకమైంది. మరమగ్గాలు కనిపెట్టిన వడ్రంగి కొడుకు తొయోడా సకిచి దాన్ని చదివి పెరిగినవాడే.

ఎంత పేరొచ్చినా ఒక నింద మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇది స్వార్థం నేర్పే పుస్తకమని విమర్శించారు. 1866 కూర్పు ముందుమాటలో స్మైల్స్ బాధపడుతూ జవాబిచ్చాడు: పేరు చూసి అలా అనుకుంటున్నారు, లోపల ఉన్నది అందుకు పూర్తిగా విరుద్ధం, పేరు మారుద్దామన్నా ఇప్పుడు ఆలస్యమైపోయింది అని. తర్వాతి కాలంలో రంగులు వేసే కూలీల బతుకు మీద రాబర్ట్ ట్రెస్సెల్ రాసిన నవల కూడా ఈ పుస్తకాన్ని గట్టిగానే ఎద్దేవా చేసింది. ఆ కోపంలో న్యాయం ఉంది. రెక్కలు ముక్కలు చేసుకుని కూడా ఓడిపోయినవాళ్లు 'సెల్ఫ్ హెల్ప్'లో తక్కువగానే కనిపిస్తారు.

కానీ 1875లో వచ్చిన 'థ్రిఫ్ట్' చదివితే స్మైల్స్ మీద ఆ ఆరోపణ మొత్తంగా నిలవదు. కల్తీ సరుకు, మురికి నీళ్లు, విషజ్వరాలు వీధుల్లో మనుషుల్ని చంపుతుంటే, తప్పు ఎవరిదీ కాదని తప్పించుకునే పెద్దలను అందులో ఆయన దులిపేశాడు. తండ్రిని కలరాకు పోగొట్టుకున్న కొడుకు, రోగులను చూసిన డాక్టరు రాసిన పేజీలవి. ఇప్పటి వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో అలాంటి అధ్యాయం అరుదు. అది పోవడమే మనకు జరిగిన అసలు నష్టమని నా నమ్మకం.

1871లో ఆయనకు పక్షవాతం వచ్చింది. రాయడం మళ్లీ కొత్తగా నేర్చుకుని 'డ్యూటీ' వంటి పుస్తకాలు పూర్తిచేశాడు. కాలం మారాక అదే ముర్రే సంస్థ ఆయన చివరి పుస్తకం 'కాండక్ట్'ను వద్దంది. 1904 ఏప్రిల్ 16న లండన్‌లో ఆయన పోయాక, బల్ల సొరుగులో దొరికిన ఆ రాతప్రతిని నాశనం చేశారు.

ఆయన రచనల్లో ఇప్పటి పాఠకుడు వెతికి చదవాల్సింది 1876 నాటి థామస్ ఎడ్వర్డ్ జీవితచరిత్ర. స్కాట్లండ్‌లోని బాన్ఫ్ ఊళ్లో చెప్పులు కుట్టుకునే ఎడ్వర్డ్, పని ముగించుకుని రాత్రిళ్లు పొలాల్లో, సముద్రపు ఒడ్డున పురుగులను, పక్షులను గమనించేవాడు. ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘమైన లినియన్ సొసైటీ ఆయన్ని సహసభ్యుడిగా చేర్చుకుంది. అయినా పేదరికం పోలేదు, రోగం వచ్చినప్పుడు ఏళ్ల తరబడి పోగుచేసిన సేకరణను అమ్ముకోవలసివచ్చింది. స్మైల్స్ ఆయన్ని విజేతగా చూపించడానికి ప్రయత్నించలేదు. ఉన్నది ఉన్నట్టు రాశాడు. అది చదివిన దేశం కదిలింది. ఆ ఏడాదే విక్టోరియా రాణి ఎడ్వర్డ్‌కు ఏటా 50 పౌన్ల పింఛను మంజూరు చేసింది.